గుడ్డకి రెండు చుక్కలు

మొన్న పంటి డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నాను. ఈ వయసుకి నాకు మిగిలినవే నాలుగు పళ్ళు. అందులో ఒకటి వారం రోజులుగా నా ప్రాణం తోడేస్తోంది. డాక్టరమ్మాయి దూది ముక్కని చిన్న సీసాలో ముంచి పంటి మీద అద్దింది. లవంగ నూనె. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మండుతోందా మామ్మగారూ?" అని ఆ పిల్ల కంగారు పడింది. మండలేదు. యాభై ఏళ్ళు దాటిపోయాక మళ్ళీ అప్ప చేతి వాసన తగిలింది, అంతే. నోట్లో దూది పెట్టుకుని అదంతా చెప్పడం కుదరక ఊరుకున్నాను.

శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటారు. ఆవిడ నాకు అక్కా కాదు, చుట్టమూ కాదు. ఊరంతా అప్ప అనేది కాబట్టి నేనూ అన్నాను. అసలు పేరు ఇక్కడ రాయను. ఎవరైనా పూర్తి పేరు పెట్టి పిలిస్తే ఆవిడకి ఒళ్ళు మండేది. "పోలీసోల్లాగ ఆ పిలుపేటి?" అనేది.

అరవైల చివర. బ్లాకు ఆఫీసులో గ్రామసేవికగా కొత్తగా చేరాను. ఇరవై రెండేళ్ళు, విజయనగరంలో పుట్టి పెరిగినదాన్ని, ఆవుకీ ఎద్దుకీ తేడా తెలిస్తే గొప్ప. నరసన్నపేటకి కొద్ది మైళ్ళ అవతల ఒక ఊళ్ళో వేశారు. ఆడవాళ్ళకి పొగరాని పొయ్యి గురించి, పిల్లల తిండి గురించి చెప్పడం నా ఉద్యోగం. చెప్పడానికి వెళ్ళిన మొదటి ఇల్లు అప్పది. నేను ఇంకా నోరు తెరవకముందే ఆవిడ నన్ను దగ్గరికి పిలిచి, జడలోంచి మల్లెచెండు లాగి గోడ మీద పెట్టింది.

"పువ్వెట్టుకుని నా పాకలోకి రాకమ్మా. మల్లిపువ్వు వాసన సెన్నాకి పట్టిందంటే మరి వదల్దు. కావాలంటే ఎల్లినప్పుడు ఎట్టుకెల్లు."

అలా మొదలైంది మా స్నేహం. నేర్పడానికి వెళ్ళినదాన్ని, నేర్చుకుంటూ రెండేళ్ళు ఆ పాకలోనే కూర్చున్నాను.

సెన్నా అంటే ఛెన్నా. ఆవుపాలు కాచి, విరగ్గొట్టి, తేట వార్చి, గుడ్డలో మూటకట్టి వేలాడదీస్తే మిగిలే మెత్తటి ముద్ద. రసగుల్లాలకి అదే మూలం. అప్ప పుట్టిల్లు ఇచ్ఛాపురం దగ్గర. అక్కడ ఒరియా ఇళ్ళ పక్కన పెరిగి ఆ పని నేర్చుకుంది. అత్తారిల్లు మాత్రం పాలు విరిగితే కీడని భయపడే ఊరు. కొత్త కోడలు కావాలని కుండెడు పాలు విరగ్గొడుతుంటే చూసి అత్తగారు రెండు పూటలు అన్నం మానేసిందిట. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఇంటి పొయ్యి మీద పాలు విరగ్గొట్టకూడదు. పెరటి చివర వేరే పాక, వేరే పొయ్యి, వేరే కుండలు. లోపలికి వచ్చేటప్పుడు కాళ్ళు కడుక్కుని రావాలి. అత్తగారు పోయి పదేళ్ళయినా అప్ప ఆ కాళ్ళు కడుక్కోవడం మానలేదు. ఎందుకని అడిగితే, "ఆవిడికి మాటిచ్చినాను కాదేటి" అంది.

పొద్దున్నే పదకొండు ఇళ్ళ నుంచి ఆవుపాలు వచ్చేవి. గేదెపాలు తెస్తే చెంబుతో సహా తిప్పి పంపేసేది. "గేదిపాల సెన్నా రాయైపోతాది, దాంతోటి గోడ కట్టుకో" అనేది. పాలు పొంగు దిగాక, ముందురోజు పులిసిన తేట చిన్న చెంబుతో సన్నగా పోస్తూ, ముద్దు చేస్తున్నట్టు "ఇరుగమ్మా, ఇరుగు, బేగి ఇరుగు" అని గొణిగేది. పాలని విరగమని బతిమాలే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆవిడ ముక్కు గురించి చెప్పకపోతే ఆవిడ గురించి ఏమీ చెప్పనట్టే. ముద్దలోంచి చిటికెడు తీసి, బొటనవేలుకీ చూపుడువేలుకీ మధ్య నలిపి, కళ్ళు మూసుకుని వాసన చూసేది. తర్వాత తన మోచేతి మడతలో ముక్కు పెట్టి ఒక్క ఊపిరి పీల్చేది. మళ్ళీ చిటికెడు తీసేది. మధ్యలో ఆ మోచెయ్యి ఎందుకని అడిగాను. "ముక్కు కడుక్కోవాల కదా" అంది, అంత మాత్రం తెలియదా అన్నట్టు. ఆ రోజంతా నేను దొరికిందల్లా వాసన చూస్తూ, మధ్యమధ్య మోచెయ్యి వాసన చూసుకుంటూ తిరిగాను. వాళ్ళాయన చూసి, "సేవికమ్మకీ పిచ్చి అంటుకున్నాది" అని నవ్వాడు. ఆయన నెమ్మదస్తుడు. అప్ప పాడు చేసిన సరుకంతా మాట్లాడకుండా తినడమే ఆయన పని.

పాడు చేసిన సరుకు చాలానే ఉండేది. ఛెన్నాకి ఆయుష్షు ఒక్క రోజు. అప్ప సరుకు వెళ్ళేది విజయనగరంలో ఒక మిఠాయి కొట్టుకి. రేకు డబ్బా బస్సు టాపు మీద ఎక్కి, శ్రీకాకుళంలో ఆగి, ఆగిన చోటల్లా ఎండ తాగి, దిగేసరికి మధ్యాహ్నం అయ్యేది. శీతాకాలం ఫర్వాలేదు. శివరాత్రి దాటితే మూడింట ఒక డబ్బా పులిసిపోయేది.

దానికి అప్ప కనిపెట్టిన మందు వాము నూనె. పుట్టింట్లో పచ్చడి జాడీలని వాము నీళ్ళతో కడిగితే బూజు రాదని తెలుసు ఆవిడకి. నీళ్ళు చేసే పని నూనె ఇంకా బాగా చెయ్యాలి కదా అనుకుంది. పెద్ద గుండిగలో నీళ్ళూ వామూ పోసి, మధ్యలో ఇటుక మీద ఖాళీ గిన్నె పెట్టి, మూత బోర్లా వేసి, సందులు పిండిముద్దతో మూసి, మూత మీద చన్నీళ్ళు పోసేది. కింద మంట, పైన చల్లదనం. ఆవిరి మూతకి తగిలి గిన్నెలోకి చుక్కచుక్కగా దిగేది. ఆ నీళ్ళ మీద సన్నటి నూనె పొర తేలేది. దాన్ని ఎలా తియ్యడం అన్నది చిక్కు. నేను కలంలో సిరా పోసుకునే గాజు ఫిల్లరు ఇచ్చాను. అది చూసి అప్ప నన్ను మొదటిసారి మెచ్చుకుంది. "సదువుకున్న పిల్ల సేతిలో ఒక్క పనికొచ్చే వస్తువున్నాది" అంది.

లవంగాలు కూడా అలాగే దింపి చూసింది. నూనె పైన కనబడలేదు. ఖరీదైన సరుకు తగలేశావని నేను గోల పెడుతుంటే, గిన్నె అడుగు నుంచి ఫిల్లరుతో తీసి చూపించింది. "వామునూని తేల్తాది, లవంగంనూని మునుగుతాది. అందరూ ఒక్కలాగే ఉంటారేటి?" అంది. కాలేజీలో రసాయనశాస్త్రం చదివిన నాకు అది ఎవరూ చెప్పలేదు. లవంగాలు అంతంత కొనలేక తర్వాత నరసన్నపేటలో మందుల షాపు నుంచి చిన్న సీసా తెప్పించుకునేది.

సారా కాస్తే పట్టుకుపోయే రోజులవి. పెరట్లో గుండిగ, మూత మీద నీళ్ళు, కారే చుక్కలు చూసి ఎవరో మునసబుగారికి చెప్పారు. ఆయన కర్ర పట్టుకుని వచ్చాడు. అప్ప లేచి నిలబడి, నూనె తీసేసిన వాము నీళ్ళు అరగ్లాసు పోసి ఇచ్చింది.

"సారా అనుకుంటే తాగి సూడండి బాబూ. తాగినాక తీసుకుపొండి నన్ను."

ఆయన గుటక వేసి, కాసేపు ఆగి, ఊరంతా వినబడేలా త్రేన్చాడు. మర్నాటి నుంచి పొద్దున్నే ఆయన ఇంటి నుంచి గ్లాసు వచ్చేది.

నూనె దొరికింది గానీ, దాన్ని వాడడంలో అప్ప దెబ్బ తింది. పాలలోనే చుక్కలు వేసేసింది. సరుకు నిలిచింది. మాఘమాసం పెళ్ళిళ్ళకి ఆ ఛెన్నా రసగుల్లాలై వెళ్ళింది. రెండు రోజులకి కొట్టు యజమాని దగ్గర నుంచి కబురు. ఏదో పెళ్ళిలో మగపెళ్ళివారి పెద్దావిడ రసగుల్లా కొరికి, "ఇది బాలింత మందు కదే, పెళ్ళికి ముందే ఎవరికి పురుడు పోశారు?" అని అడిగిందిట. పెళ్ళికూతురి తల్లి ఏడ్చిందిట. ఆ కబురు విని నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అప్ప నవ్వలేదు. ఆ పూట అన్నం తినలేదు.

తర్వాత నెల రోజులు పాకలో ఏవేవో చేసింది. ముద్దకి పూసింది. తేటలో కలిపింది. తులసి, నిమ్మగడ్డి దింపి చూసింది. నిమ్మగడ్డి వేసిన ఛెన్నా సబ్బులా ఉందని వాళ్ళాయన మొదటిసారి నోరు విప్పి చెప్పాడు. ఒకరోజు వాము సీసా తుడిచిన గుడ్డ పొరపాటున ఒక డబ్బాలో మూత కింద ఉండిపోయింది. మూడో రోజు తెరిస్తే ఆ డబ్బాలో ముద్ద అప్పుడే దించినట్టుంది. అప్ప ఆ గుడ్డని వాసన చూసింది, మోచెయ్యి వాసన చూసుకుంది, మళ్ళీ ముద్దని వాసన చూసింది.

"నూని సెన్నాకి కాదే గుంటా. గుడ్డకి. గుడ్డకి వాము రెండు సుక్కలు, లవంగం ఒక్క సుక్క. గుడ్డ మూతకి కట్టాల, ముద్దకి తగలకూడదు. గాలే దాన్ని కాస్తాది."

ఆ రోజు నుంచి నన్ను గుంటా అంది, అక్కడ పిల్లా అన్నట్టు. అంతకుముందు సేవికమ్మని. మిఠాయి కొట్టులో డబ్బా తెరిచి ఛెన్నా కాసేపు ఆరబెడితే ఆ వాసన గాలికి పోయేది. మిగిలిన కాస్తా పాకంలో ఉడికేటప్పుడు ఆవిరితో పోయేది. రసగుల్లా రసగుల్లాలానే ఉండేది.

కానీ కొట్టు యజమానికి నమ్మకం పోయింది. చైత్రం వెళ్ళాక, అప్ప స్వయంగా డబ్బాతో బయల్దేరితే నేనూ సెలవు పెట్టి వెంట వెళ్ళాను. ఆయన భారీ మనిషి, మర్యాదస్తుడు. మాకు మంచినీళ్ళు ఇప్పించి, మెల్లగా చెప్పాడు.

"తల్లీ, ఏటనుకోకు. ఎండలు ముదిరిపోనాయి. బరంపురం నుంచి రైల్లో ఐసు పెట్టి పంపుతామంటన్నారు. వచ్చే నెల నుంచి అదే తీసుకుంటాను."

పదకొండు ఇళ్ళు కళ్ళముందు తిరిగాయి నాకు. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళకి తమ చేతుల మీదుగా వచ్చే రాబడి ఆ పాలొక్కటే. అవి ఇంకెవరూ కొనరు. అప్ప తలెత్తి అంది:

"నాలుగు రోజులు నిలబెడతాను బాబూ. ఐసు లేకండా. ఈ డబ్బా నీ కొట్లోనే ఉంచు. నాలుగోనాడు నీ సేత్తోనే తెరు. పోతే మరి నీ గుమ్మం తొక్కను."

నేను ఉలిక్కిపడ్డాను. ఊళ్ళో మేము చూసింది మూడు రోజులే. నాలుగు అనేది అప్పటికప్పుడు రోషం కొద్దీ నోట్లోంచి జారిన మాట. యజమాని సరేనన్నాడు. డబ్బాకి పురికొస చుట్టాడు, ముడి మీద కాగితం అంటించాడు. దాని మీద నేను సంతకం పెట్టాను.

ఆ నాలుగు రోజులూ విజయనగరంలో, కొట్టుకి దగ్గరని మా పిన్ని ఇంట్లో ఉన్నాం. రోహిణి ఇంకా రాలేదు గానీ గోడలు ముట్టుకుంటే కాలేవి. అప్ప ఒక్కచోట కూర్చోలేదు. పిన్ని వంటింట్లో డబ్బాలన్నీ వాసన చూసి, ఏ పప్పుకి పురుగు పట్టబోతోందో చెప్పింది.

నాలుగో రోజు సాయంత్రం కొట్లో పనివాళ్ళు కూడా చుట్టూ చేరారు. యజమాని పురికొస కోసి మూత తీశాడు. వాము వాసన గుప్పున లేచి పల్చబడింది. ముద్ద తెల్లగా, తడిగా మెరుస్తోంది. ఆయన వేలితో నొక్కాడు, వాసన చూశాడు, కొంచెం నోట్లో వేసుకున్నాడు. ఇంకొంచెం వేసుకున్నాడు.

"తల్లీ, ఇలాటిది నానెప్పుడూ సూడలేదు. నివ్వు గెలిచినావు."

నాకు ఏడుపొచ్చింది. గర్వంతో వచ్చిన ఏడుపు. ఒంటికి రెండు చీరలు లేని మనిషి, అక్షరం రాని మనిషి, ఎండనీ బస్సునీ గెలిచింది.

అప్ప మాత్రం దగ్గరికి వచ్చి చిటికెడు తీసింది. నలిపింది, వాసన చూసింది. మోచెయ్యి. మళ్ళీ చిటికెడు. అప్పుడు రెండు చేతులతో ముద్దని నడిమికి విరిచి, మధ్యలోంచి కొంచెం తీసి నాలిక మీద పెట్టుకుంది. ఆవిడ ముఖం నాకు తెలుసు. నేను పక్కకి జరిగి, ఎవరూ చూడకుండా ఆవిడ నడుము మీద గిల్లాను.

"గిల్లకే గుంటా!" అంది అప్ప, కొట్టంతా వినబడేలా. తర్వాత యజమాని వైపు తిరిగింది. "పోనాది బాబూ."

"ఏటి పోనాది? బాగున్నాది కదా!"

"పైన బాగున్నాది. నడుమున సేదెక్కతన్నాది. నూని గాలి లోపలికి ఎల్లలేదు. రేపు పొద్దున్నకి నీకూ తెలస్తాది."

ఆయన మధ్య ముక్క నోట్లో వేసుకున్నాడు. నేనూ వేసుకున్నాను. మా ఇద్దరికీ ఏమీ తెలియలేదు.

"నివ్వు సెప్పకపోతే నాకు తెలీదు కదా తల్లీ."

"నాకు తెలిసింది కదా. నాలుగన్నది నా నోటి పొగరు. ఓడిపోనాను. మూడ్రోజులకైతే పూచీ నాది."

ఆయన మూత తిరిగి డబ్బా మీద పెట్టాడు. చివరికి "సూద్దాం" అన్నాడు. ఆ మాటకి అర్థం నాకు తెలుసు. ఆఫీసులో రోజూ వినే మాటే.

తిరుగు బస్సులో నేను అప్పతో మాట్లాడలేదు. నిజం చెప్పాలి, ఆవిడ మీద కన్నా నా మీద ఎక్కువ కోపం వచ్చింది. అబద్ధం ఆడించడానికి గిల్లిన చెయ్యి నాది. ఊళ్ళో దిగగానే అప్ప ఇంటికి వెళ్ళలేదు. పదకొండు గుమ్మాలూ ఎక్కి, తనే చెప్పింది. కొందరు తిట్టారు. ఒకావిడ పాలచెంబు వీధిలోకి విసిరింది. అప్ప ఆ చెంబు తీసి, సొట్ట సరిచేసి, మళ్ళీ ఆవిడ అరుగు మీద పెట్టి వచ్చింది. మర్నాడు పొద్దున్నే పాకలోకి వెళ్ళి, పెద్ద ముద్దలు మానేసి గుప్పెడేసి ముద్దలు కట్టడం మొదలుపెట్టింది. సరుకు అడిగేవాడు లేడు. రోజూ ఛెన్నా కూర తిని వాళ్ళాయన చిక్కిపోయాడు.

తొమ్మిదో రోజున నరసన్నపేట నుంచి జట్కా బండి వచ్చి అప్ప ఇంటి ముందు ఆగింది. మిఠాయి కొట్టు యజమాని చెమటలు కక్కుతూ దిగాడు. పాకలోకి రాబోతే అప్ప ఆపింది. ఆయన చెవిలో అత్తరు దూది తీయించి గోడ మీద పెట్టించింది. ఆయన పీట మీద కూర్చుని, ఊరివాళ్ళు వింటుండగా అన్నాడు:

"ఇన్నేళ్ళలో నా కొట్టుకి సరుకు తెచ్చినోళ్ళందరూ పోయినదాన్ని బాగున్నాది అన్నోళ్ళే. నాను బాగున్నాదంటే, పోనాది అన్నది నివ్వొక్కత్తివే తల్లీ. మూడ్రోజులైతే మూడ్రోజులే. వారానికి రెండుసార్లు పంపు."

అప్ప గుప్పెడు ముద్ద ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇది సిన్నది. నడుం దాకా గాలెల్తాది. నాలుగు రోజులకి ఇంకా సూడాల" అంది. చెంబు విసిరిన ఆవిడ అప్పటికే పాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

ఆ నెలాఖరుకి నేను ఆఫీసులో నివేదిక రాశాను. ఐసు లేకుండా, వాము లవంగ నూనెల ఆవిరితో, వేసవిలో ఛెన్నా మూడు రోజులు. మా ఆఫీసరు చదివి సంతోషించాడు. చెడ్డవాడు కాదు. కళ్ళజోడు పైకి తోసుకుని, "మిఠాయి కొట్టాయన నాలుగో రోజు కూడా బాగుందన్నాడుట కదమ్మా? నాలుగని రాయండి. జిల్లాలో మన బ్లాకుకి పేరొస్తుంది. ఎవరొచ్చి చూస్తారు, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

ఉద్యోగంలో చేరిన తర్వాత ఆయన మాటకి ఎదురు చెప్పడం నాకు అదే మొదలు.

"మా అప్పకి తెలుస్తుందండి" అన్నాను. మూడనే ఉంచి, కింద సంతకం పెట్టి, ఆయన బల్ల మీద పెట్టాను.